కనిపించని వేలంపాట: కొనుగోలుదారు మెలకువ

"వేలం" అనే మాట చరిత్రలోనే ఒక చిన్న పాఠం ఇమిడి ఉన్నది. పోర్చుగీసు వర్తకులు పశ్చిమ తీరానికి తెచ్చిన "లైలావ్" అనే పదం రేవు నుంచి రేవుకు, సంత నుంచి సంతకు ప్రయాణించింది. అది హిందీలో "నీలామ్"గా, మరాఠీలో "లిలావ్"గా, మలయాళంలో "లేలం"గా, తమిళంలో "ఏలం"గా, తెలుగులో "వేలం"గా స్థిరపడిందని భాషావేత్తలు చెబుతారు. ఒకే వ్యాపార పద్ధతి ఇన్ని ప్రాంతాలకు ఉమ్మడి సొత్తు అయినదనడానికి ఈ పదమే సాక్ష్యం. ఆ పద్ధతిలోని ప్రమాదాన్ని కూడ తెలుగువారు ఒక్క మాటలో చెప్పారు: "వేలంవెర్రి". నలుగురు పాడుతున్నారు గనుక ఐదవవాడు కూడ పాడటం, వస్తువు విలువను మరచి పాటలో గెలుపునే లక్ష్యంగా పెట్టుకోవడం ఆ వెర్రి లక్షణం.

ఇరవయ్యో శతాబ్దపు చివరి దశకంలో వేలం సంత మైదానాన్ని విడిచి కంప్యూటర్ తెరమీదికి చేరింది. 1995 సెప్టెంబరులో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో పియర్ ఒమిడ్యార్ అనే యువ ఇంజనీరు "ఆక్షన్‌వెబ్" పేరుతో ప్రారంభించిన వెబ్‌సైట్ అనంతర కాలంలో "ఈబే"గా ప్రసిద్ధి పొందింది. భారతదేశంలో 2000లో మొదలైన "బాజీ డాట్ కామ్" 2004లో ఈబే యాజమాన్యంలోకి వెళ్ళింది. ఈబే వారి భారతీయ వెబ్‌సైట్ 2018 ఆగస్టులో మూతపడింది. అయితే ఆన్‌లైన్ వేలం అంతటితో ఆగలేదు. పాత నాణేలు, తపాలా బిళ్ళలు, అరుదైన పుస్తకాలు, వాడిన కెమెరాలు నేటికీ స్వదేశీ, విదేశీ వెబ్‌సైట్లలోను, సామాజిక మాధ్యమాల బృందాలలోను పాటకు వస్తున్నాయి. ప్రభుత్వ శాఖలు, బ్యాంకులు సైతం తమ సరకును, ఆస్తులను ఈ మార్గంలోనే అమ్ముతున్నాయి.

శ్రీకాకుళంలోని విద్యార్థి ఒకడు సూరత్‌లోని అపరిచితుని వద్ద వేలంపాటలో ఒక కెమెరా కొన్నాడనుకొందాం. ఇద్దరిదీ ఒకే భాష కాదు. ఒకరి ముఖం మరొకరికి తెలియదు. వారిమధ్య వంతెనగా నిలిచేది నమ్మకం ఒక్కటే. ఆ నమ్మకం వమ్మయితే పోయేది డబ్బు మాత్రమే కాదు. దూరప్రాంతంవారితో వ్యవహారమే వద్దనే సంకోచం మనసులో పాతుకొంటుంది. అందువల్ల ఆన్‌లైన్ వేలంలో మోసపోకుండా ఉండటం సొంత లాభానికి సంబంధించిన నేర్పు మాత్రమే కాదు, పౌరునికి అవసరమైన శిక్షణ కూడ.

పాత వేలంలోని నాలుగు కట్టుబాట్లు

భారతదేశంలో తొలి తేయాకు వేలం 1861 డిసెంబరు 27న కలకత్తాలో జరిగింది. తేయాకు వేలంలో సరకు పాటకు రాకముందే దాని మచ్చు కొనుగోలుదారులకు చేరుతుంది. రుచి చూడటమే వృత్తిగా గలవారు తేనీరు కాచి, చప్పరించి, ధర అంచనా వేసుకొంటారు. గుంటూరు కేంద్రంగా 1976లో పొగాకు బోర్డు ఏర్పడింది. ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచి వర్జీనియా పొగాకు వేలాలు ఆ బోర్డు ఆధ్వర్యంలో జరుగుతున్నాయి. అక్కడ రైతు తెచ్చిన బేళ్ళను వరుసగా అమర్చి, వివరాలు నమోదు చేసిన తరువాతనే పాట మొదలవుతుంది. నేడు తేయాకు, పొగాకు పాటలు రెండూ ఎలక్ట్రానిక్ పద్ధతికి మారాయి. 2016 ఏప్రిల్ 14న ప్రారంభమైన జాతీయ వ్యవసాయ విపణి, అనగా ఇ-నామ్‌లో కూడ సరకు నాణ్యతా పరీక్ష ఫలితాన్ని చూసి దూరప్రాంత వర్తకుడు పాడే ఏర్పాటు ఉన్నది. కావున తెరమీద జరిగినంతమాత్రాన వేలం మోసపూరితం కాదు. పాడే సాధనం మారినా పాత కట్టుబాట్లు నిలిచి ఉన్నచోట కొనుగోలుదారునికి రక్షణ కూడ నిలిచి ఉంటుంది.

ఆ కట్టుబాట్లు నాలుగు. వస్తువు కళ్ళెదుట ఉంటుంది. పాటకు ముందు దానిని పరీక్షించవచ్చు. పోటీగా పాడేవారు కళ్ళెదుట ఉంటారు. ఎవరు నిజంగా కొనదలచి పాడుతున్నారో ఊరివారికి తెలుస్తుంది. "ఒకటోసారి, రెండోసారి, మూడోసారి" అని పాట కొట్టివేసే నిర్వాహకుడు కళ్ళెదుట ఉంటాడు. తగవు వస్తే అతడు జవాబుదారీ. చివరగా, ఒక చేత డబ్బు, ఒక చేత సరకు మారతాయి.

అపరిచితుల మధ్య జరిగే ఆన్‌లైన్ వేలంలో ఈ నాలుగూ ఒక్కసారే కనుమరుగవుతాయి. వస్తువు స్థానంలో బొమ్మ, పోటీదారుల స్థానంలో మారుపేర్లు, నిర్వాహకుని స్థానంలో ఒక వెబ్‌సైట్ మిగులుతాయి. డబ్బు ముందు వెళ్ళి సరకు వెనుక వస్తుంది. మోసగాళ్ళు ప్రవేశించేది ఈ నాలుగు ఖాళీలలోనే. పోయిన కట్టుబాట్లను ఒక్కొక్కటిగా తన ప్రయత్నంతో తిరిగి నెలకొల్పుకోవడమే కొనుగోలుదారు మెలకువ.

ఒక వర్ణచిత్రం కథ

ఈ విషయాన్ని స్పష్టం చేసే ఉదంతం ఒకటి 2000 మే నెలలో అమెరికాలో జరిగింది. కెనెత్ వాల్టన్ అనే కాలిఫోర్నియా న్యాయవాది ఒక నైరూప్య వర్ణచిత్రాన్ని ఈబేలో పాటకు పెట్టాడు. కనీస ధర 25 సెంట్లు మాత్రమే. పాత సామాను అమ్మకంలో ఎప్పుడో కొన్నానని, ఇంట్లో పిల్లవాని ఆటబండి తగిలి దానికి చిల్లు పడిందని అమాయకంగా ఒక కథ వ్రాశాడు. అది ఎవరి చిత్రమో చెప్పలేదు. అయితే ఛాయాచిత్రంలో "ఆర్.డి." అనే పొడి అక్షరాలు, 52 అంకె కనిపించాయి. సుప్రసిద్ధ చిత్రకారుడు రిచర్డ్ డీబెన్‌కార్న్ పేరులోని మొదటి అక్షరాలు అవే. విలువ తెలియని అమాయకుని వద్ద నిధి దొరికిందని చూసినవారు భ్రమించారు. పాట 1,35,805 డాలర్లకు చేరింది.

విక్రేత మరొక పేరుతో తన వస్తువుకు తానే పాట పాడినట్లు బయటపడటంతో ఈబే ఆ అమ్మకాన్ని రద్దు చేసింది. దర్యాప్తులో మరింత లోతు కనిపించింది. వాల్టన్, అతని సహచరులు ఇద్దరు అనేక మారుపేర్ల ఖాతాలు సృష్టించి, ఒకరి వస్తువులకు మరొకరు పాడుతూ ధరలు పెంచేవారని తేలింది. 2001లో ముగ్గురిపై నేరారోపణ జరిగింది. వాల్టన్ నేరాన్ని అంగీకరించాడు.

ఇక్కడ విద్యార్థి గమనించవలసిన అంశం ఒకటి ఉన్నది. ఆ ప్రకటనలో "ఇది డీబెన్‌కార్న్ చిత్రం" అనే వాక్యం ఎక్కడా లేదు. ఆ వాక్యాన్ని కొనుగోలుదారులే తమ మనసులో పూరించుకొన్నారు. విక్రేతకు తెలియని విలువ తమకు తెలుసునన్న అతిశయమే వారికి ఎర అయినది. ఎదుటివాని అమాయకత్వం నుంచి లాభం పొందదలచిన ఘడియలోనే మనిషి అత్యంత సులభంగా మోసపోతాడు.

వస్తువును కళ్ళెదుటికి తెచ్చుకోవడం

ప్రకటనలోని బొమ్మ సాక్ష్యం కాదు. అది మరొకరి ప్రకటన నుంచి ఎత్తుకొన్నది కావచ్చు. బొమ్మను వెతికే సౌకర్యం ద్వారా అదే చిత్రం మరెక్కడైనా ఉన్నదేమో చూడవచ్చు. అంతకంటె మేలైన పద్ధతి, ఒక కాగితంపై ఆనాటి తేదీ వ్రాసి, దానిని వస్తువు ప్రక్కన పెట్టి తీసిన కొత్త చిత్రాన్ని కోరడం. వస్తువు నిజంగా చేతిలో ఉన్న విక్రేతకు ఇది రెండు నిమిషాల పని. ఈ చిన్న కోరికకు కోపగించుకొనేవానిని విడిచిపెట్టడమే మంచిది.

వర్ణనలోని మాటలను కూడ తూచి చదవాలి. "పనిచేస్తుందనుకొంటున్నాము", "పరీక్షించలేదు", "అటకమీద దొరికింది" వంటి మాటలు బాధ్యతను తప్పించుకొనే దారులు. "పనిచేస్తుందా?" అని కాక, "ఏ లోపం ఉన్నా తిరిగి తీసుకొంటారా?" అని వ్రాతపూర్వకంగా అడగాలి. వచ్చిన జవాబును భద్రపరచాలి.

కొన్ని వస్తువుల విషయంలో పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకొనే అధికారిక మార్గాలున్నాయి. ప్రతి మొబైల్ ఫోనుకు 15 అంకెల ఐ.ఎమ్.ఇ.ఐ. సంఖ్య ఉంటుంది. కె.వై.ఎమ్. అనే మూడు ఇంగ్లీషు అక్షరాల తరువాత ఆ సంఖ్యను వ్రాసి 14422కు సందేశం పంపితే ఆ ఫోను వివరాలు తెలుస్తాయి. దొంగిలించబడినదని నమోదైన ఫోనును గుర్తించడానికి టెలికాం శాఖవారి "సంచార్ సాథీ" ఏర్పాటు 2023 నుంచి అందుబాటులో ఉన్నది. వాడిన వాహనం కొనేటప్పుడు రిజిస్ట్రేషన్ వివరాలు చూడాలి. యాజమాన్య బదిలీకి ఫారం 29, ఫారం 30 అవసరం. వాహనంపై రుణం ఉండి ఉంటే అది తీరినదని తెలిపే ఫారం 35 కూడ అవసరం. దొంగసొత్తును ఎంత మంచి ధరకు కొన్నా, సాధారణంగా కొన్నవానికి దానిపై హక్కు రాదు. అమ్మినవానికి లేని హక్కు కొన్నవానికి సంక్రమించదన్నది న్యాయసూత్రం.

పురాతన విగ్రహాలు, శిల్పాలు, వ్రాతప్రతుల విషయంలో మరింత మెలకువ అవసరం. 1972 నాటి పురావస్తు, కళాఖండాల చట్టం ప్రకారం వంద సంవత్సరాలు దాటిన శిల్పాలు, నాణేలు, కళాఖండాలు పురావస్తువులు. శాస్త్ర, చారిత్రక, సాహిత్య, కళా విలువగల వ్రాతప్రతులకు 75 సంవత్సరాలే పరిమితి. వాటి వ్యాపారం లైసెన్సు గలవారే చేయాలి. శిల్పాల వంటి కొన్ని తరగతులను నమోదు చేయించడం కూడ తప్పనిసరి. ఆలయం నుంచి అపహరించిన విగ్రహం "పూర్వీకుల సొత్తు" అన్న పేరుతో తెరమీదికి రావచ్చు. దానిని కొనడం సొమ్ముకు మాత్రమే కాదు, జాతి వారసత్వానికి కూడ చేటు.

పోటీదారు నిజమైనవాడేనా?

అనేక ఆన్‌లైన్ వేలాలలో కొనుగోలుదారు తన గరిష్ఠ ధరను ముందే రహస్యంగా తెలిపితే, ఇతరుల పాటను మించడానికి అవసరమైనంత మేరకే యంత్రం అతని తరఫున పాట పెంచుతుంది. ఒక ఉదాహరణ చూద్దాం. ఒక కెమెరాకు గరిష్ఠంగా 6,000 రూపాయలు ఇవ్వడానికి ఒక విద్యార్థిని సిద్ధపడింది. మరొక నిజమైన పాటదారు హద్దు 5,200. పాట పెంపు వంద రూపాయలు. అప్పుడు విద్యార్థినికి ఆ కెమెరా 5,300కు దక్కాలి. కాని విక్రేత మిత్రుడు ఒకడు మారుపేరుతో ప్రవేశించి 5,400, 5,600, 5,800 అంటూ పాడితే, యంత్రం ఆమె పాటను 5,900కు చేరుస్తుంది. ఆమె గెలిచినట్లే కనిపిస్తుంది. నిజానికి 600 రూపాయలు నష్టపోయింది. దీనినే దొంగపాట అంటారు. వాల్టన్ బృందం చేసినది కూడ ఇదే.

దొంగపాటకు కొన్ని ఆనవాళ్ళుంటాయి. ఒకే ఖాతా ఎప్పుడూ ఒకే విక్రేత వస్తువులకు పాడుతుంది. ధర పెంచుతుంది కాని దాదాపు ఎన్నడూ గెలవదు. పాడిన ఖాతా ఇటీవలనే తెరిచినదై ఉంటుంది. పాట చరిత్రను చూపే వెబ్‌సైట్లలో ఈ విషయాలు పరిశీలించవచ్చు.

అయితే దొంగపాటకు గట్టి విరుగుడు కొనుగోలుదారు చేతిలోనే ఉన్నది. పాటకు ముందే హద్దును కాగితంపై వ్రాసుకోవాలి. ఆ వస్తువు కొత్తది ఎంత, వాడినది బజారులో ఎంత అని విచారించి, ఆ ధరలో నుంచి రవాణా ఖర్చు, పన్నులు, వెబ్‌సైట్ రుసుము, మరమ్మతు ఖర్చు తీసివేయగా మిగిలినదే హద్దు. విదేశం నుంచి కొనేటప్పుడు కస్టమ్స్ సుంకాన్ని కూడ లెక్కించాలి. చివరి క్షణంలో "ఇంకొక్క వంద" అనే ప్రలోభం కలిగినప్పుడు ఆ కాగితమే కాపలా. హద్దు దాటనివానిని దొంగపాట ఆ హద్దు మేరకే నష్టపరచగలదు.

నిర్వాహకుడు, విక్రేత: పరిచయాన్ని పరీక్షించడం

అపరిచితుల మధ్య నమ్మకం కలిగించడానికి ఈబే 1996లోనే కొనుగోలుదారుల అభిప్రాయాలను ప్రకటించే పద్ధతిని ప్రవేశపెట్టింది. ఇది సదుపాయమే కాని సంపూర్ణ రక్షణ కాదు. కొందరు పది ఇరవై చౌక వస్తువులు నిజాయితీగా అమ్మి, మంచి పేరు తెచ్చుకొని, ఆపై ఒక ఖరీదైన వస్తువుతో మాయమవుతారు. మరికొందరు ఇతరుల పాత ఖాతాలను అపహరిస్తారు. అందువల్ల మెచ్చుకోళ్ళ సంఖ్యను మాత్రమే చూడరాదు. ఆ విక్రేత ఇంతకుముందు ఇటువంటి వస్తువులు, ఇంత ధరవి అమ్మాడా, ఆ అభిప్రాయాలు ఎంతకాలం మీద వచ్చాయి, ఫిర్యాదులకు ఏ విధంగా జవాబిచ్చాడు అనేవి చదవాలి.

పాటలో ఓడినవారిని వెతికి పట్టే మోసం మరొకటి ఉన్నది. "గెలిచినవారు తప్పుకొన్నారు, మీ ధరకే ఇస్తాము, వెబ్‌సైట్‌తో పనిలేకుండా నేరుగా డబ్బు పంపండి" అని సందేశం వస్తుంది. ఓడిన నిరాశలో ఉన్నవానికి అది వరంగా తోస్తుంది. వెబ్‌సైట్ వెలుపలికి పిలిచే ఏ పిలుపైనా, ఆ వెబ్‌సైట్ కల్పించే రక్షణ నుంచి వెలుపలికి పిలిచే పిలుపే.

గౌరవప్రదమైన పేర్లను వాడుకోవడం మోసగాళ్ళకు అలవాటు. పాత నోట్లు, నాణేలు లక్షల ధర పలుకుతాయని ఆశపెట్టి, రిజర్వు బ్యాంకు పేరుతో రుసుము, కమిషన్, పన్ను వసూలు చేసే ముఠాలు బయలుదేరగా, అటువంటి వ్యవహారాలతో తనకు సంబంధం లేదని, ఎవరినీ రుసుము అడగనని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది. రక్షణ దళాల ఉద్యోగినని, బదిలీ కారణంగా వాహనం చౌకగా అమ్ముతున్నానని చెప్పి గుర్తింపు కార్డు బొమ్మ పంపడం మరొక పద్ధతి. కార్డు బొమ్మ మనిషికి గుర్తింపు కాదు. సైనికునిపై ప్రజలకున్న గౌరవాన్నే మోసగాడు పెట్టుబడిగా వాడుకొంటున్నాడని గ్రహించాలి.

నిజమైన ప్రభుత్వ వేలాలు లేవని కాదు. ప్రధానమంత్రికి వచ్చిన జ్ఞాపికలను 2019 నుంచి ఆన్‌లైన్ వేలంలో అమ్మి, ఆ సొమ్మును నమామి గంగే కార్యక్రమానికి వినియోగిస్తున్నారు. కేంద్ర ఉక్కు మంత్రిత్వశాఖ పరిధిలో 1964లో ఏర్పడిన ఎమ్.ఎస్.టి.సి. సంస్థ ప్రభుత్వ శాఖల తుక్కు, పాత సరకును వేలం వేస్తున్నది. ఇట్టి వేలాలలో పాల్గొనదలచినవారు సందేశంలో వచ్చిన లంకెను నొక్కక, సంబంధిత శాఖ అధికారిక వెబ్‌సైట్‌ను తామే తెరిచి, అక్కడి ప్రకటన ద్వారా ముందుకు వెళ్ళాలి. ధరావతు సొమ్మును ప్రకటనలో తెలిపిన పద్ధతిలోనే చెల్లించాలి. వ్యక్తి పేరుమీది ఖాతాకు పంపరాదు. బ్యాంకులు తాకట్టు ఆస్తులను అమ్మే వేలాలలో మరొక జాగ్రత్త అవసరం. అక్కడ ఆస్తిని "ఉన్నది ఉన్నట్లు" అమ్ముతారు. గెలిచినవారు ధరలో 25 శాతం అదే రోజు లేదా మరుసటి పనిదినంలోగా, మిగిలినది అమ్మకం ధ్రువీకరణ జరిగిన 15 రోజులలో లేదా వ్రాతపూర్వకంగా అంగీకరించిన పొడిగింపు గడువులో చెల్లించాలి. తప్పితే కట్టిన సొమ్ము జప్తు కావచ్చు. ఇది మోసం కాదు, నియమం. నియమాలు చదవకుండా పాడటం కూడ ఒక విధమైన వేలంవెర్రి.

డబ్బు చేతులు మారే ఘడియ

ఎంత మెలకువ చూపినా చివరి పరీక్ష డబ్బు చెల్లించే ఘడియలోనే ఉంటుంది. వెబ్‌సైట్ తానే సొమ్మును నిలిపి ఉంచి, సరకు అందిన తరువాత విక్రేతకు చెల్లించే ఏర్పాటు ఉన్నచోట దానినే వాడాలి. విక్రేత సూచించిన "మధ్యవర్తి సంస్థ"ను నమ్మరాదు. అది అతడే సృష్టించిన వెబ్‌సైట్ కావచ్చు. ఒకే ఊరిలో ఉన్నవారు పగటివేళ, జనసంచారం గల చోట కలిసి, వస్తువును పరీక్షించి, అప్పుడే డబ్బు ఇవ్వడం ఉత్తమం. పాత సంతలోని కట్టుబాటు అదే.

2016లో వచ్చిన యూపీఐ విధానం వల్ల చెల్లింపు క్షణాలలో పూర్తవుతున్నది. ఆ వేగమే మోసగానికి కూడ అనుకూలం. ఇక్కడ ఒక సూత్రాన్ని ప్రతి ఇంటివారు కంఠస్థం చేయవలసి ఉన్నది: పిన్ సంఖ్య డబ్బు పంపడానికే, డబ్బు అందుకోవడానికి పిన్ అవసరం లేదు, క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేయవలసిన అవసరమూ లేదు. "మీకు డబ్బు వాపసు పంపుతున్నాము, పిన్ నొక్కండి" అని చెప్పేవాడు డబ్బు లాగుకొనేవాడే. మొదట చిన్న మొత్తం, ఆపై రవాణా రుసుము, ఆపై భీమా, ఆపై "తిరిగి ఇచ్చే ధరావతు" అంటూ మెట్టు మెట్టుగా అడగడం కూడ వారి పద్ధతి. పోయిన సొమ్మును రాబట్టుకోవాలన్న ఆశతో మరికొంత పంపడం వల్లనే అనేకులు రెట్టింపు నష్టపోతున్నారు.

సరకు వచ్చినప్పుడు కట్ట విప్పడాన్ని మొదటి నుంచి చివరివరకు వీడియో తీసి ఉంచితే, వస్తువు బదులు మరొకటి వచ్చిన సందర్భంలో అది సాక్ష్యంగా ఉపకరిస్తుంది.

చట్టం అండ

1930 నాటి సరకుల విక్రయ చట్టంలోని 64వ విభాగం వేలాన్ని గూర్చి వివరిస్తుంది. నిర్వాహకుడు సుత్తి కొట్టి గాని, ఆచారంలో ఉన్న మరొక విధంగా గాని అమ్మకం పూర్తయినట్లు ప్రకటించేవరకు పాటదారు తన పాటను ఉపసంహరించుకోవచ్చు. తన తరఫున పాడే హక్కు ఉంచుకొంటున్నట్లు ముందే తెలియజేయని విక్రేత తాను పాడరాదు, మరొకరిచేత పాడించరాదు. అట్లు చేస్తే ఆ అమ్మకాన్ని మోసంగా పరిగణించే హక్కు కొనుగోలుదారునికి ఉన్నది. ధర పెంచడానికి బూటకపు పాటలు పాడించిన అమ్మకాన్ని రద్దు చేసుకొనే హక్కు కూడ అతనిదే. తెరమీది దొంగపాటను ఇంటర్నెట్ పుట్టక పూర్వపు ఈ చట్టమే దోషంగా నిర్ణయించి ఉండటం గమనార్హం.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019, దూరాన్ని జయించే ఒక సౌకర్యం కల్పించింది. విక్రేత ఎక్కడ ఉన్నా, కొనుగోలుదారు తాను నివసించే చోటి వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. 2020 నాటి ఇ-కామర్స్ నియమాల ప్రకారం వెబ్‌సైట్ సంస్థ ఫిర్యాదుల అధికారిని నియమించాలి. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలియజేసి, నెల రోజులలో పరిష్కరించాలి. అయితే వ్యాపారంగా కాక, తన సొంత వస్తువు ఒకటి అమ్ముకొనే వ్యక్తికి ఈ నియమాలు వర్తించవు. కావున విక్రేత వ్యాపారియా, సాధారణ వ్యక్తియా అనేది పాటకు ముందే తెలుసుకోవాలి. మోసం నేరం కూడ. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 318వ విభాగం, సమాచార సాంకేతిక చట్టం 66-డి విభాగం ఇట్టి నేరాలకు శిక్షలు విధిస్తున్నాయి.

మోసం జరిగినదని తెలిసినప్పుడు మొదటి గంటలే కీలకం. దేశమంతటికీ ఒకే సహాయ సంఖ్య 1930. ఆ సంఖ్యకు వెంటనే ఫోన్ చేస్తే, మోసగాని ఖాతాలోని సొమ్ము మరొక ఖాతాకు జారిపోకముందే నిలిపివేసే అవకాశం ఉంటుంది. సరకుల విక్రయ చట్టం సంవత్సరమూ 1930 కావడం వల్ల విద్యార్థులకు ఈ అంకె గుర్తుంచుకోవడం సులువు. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో కూడ ఫిర్యాదు నమోదు చేయవచ్చు. నేరం కాని వ్యాపార వివాదాలకు జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915. బ్యాంకుకు తెలియజేయడం, సంభాషణలు, చెల్లింపు సంఖ్య, ప్రకటన చిత్రాలు చెరిపివేయకుండా ఉంచడం బాధితుని బాధ్యత. మోసపోవడం సిగ్గుపడవలసిన విషయం కాదు. మౌనంగా ఉన్న ప్రతి బాధితుడు మోసగానికి మరొక అవకాశం ఇచ్చినవాడవుతాడు.

అనుమానం కాదు, పరీక్ష

ఈ జాగ్రత్తలన్నింటినీ చదివిన విద్యార్థి, అపరిచితులతో వ్యవహారమే మానుకోవాలన్న నిర్ణయానికి వస్తే పాఠం తప్పుదారి పట్టినట్లే. అస్సాం తేయాకును తమిళనాడు వర్తకుడు, నిజామాబాదు పసుపును మహారాష్ట్ర వర్తకుడు కొంటున్నారంటే వారు ఒకరినొకరు గుడ్డిగా నమ్మినందువల్ల కాదు; నమ్మకానికి ఆధారమైన మచ్చు, తూకం, నియమం, జవాబుదారీ వారి మధ్య ఉన్నందువల్ల. ఫలానా ప్రాంతంవారు మోసగాళ్ళని ముద్ర వేయడం అన్యాయమే కాక నిరుపయోగం కూడ. మోసగానికి ప్రాంతం లేదు. అతడు ఏ ఊరి పేరైనా, ఏ భాషనైనా తొడుక్కోగలడు. పరీక్షించవలసినది మనిషి ప్రాంతాన్ని కాదు, వ్యవహారాన్ని. నిజాయితీగల విక్రేత ఇట్టి పరీక్షను అవమానంగా భావించడు. అతని మంచిపేరుకు అది కూడ రక్షణే.

చర్చనీయాంశాలు

1. పాత సంత వేలంలోని నాలుగు కట్టుబాట్లు ఏవి? మీ ఊరి మార్కెట్ యార్డులో గాని, చెరువు చేపల వేలంలో గాని అవి ఏ రూపంలో కనిపిస్తున్నాయి?

2. వర్ణచిత్రం ఉదంతంలో విక్రేత చెప్పిన మాటలు, చెప్పకుండా సూచించిన మాటలు విడదీసి వ్రాయండి.

3. కొత్తది 9,000 రూపాయలు, వాడినది బజారులో 5,500 రూపాయలు పలికే వస్తువుకు రవాణా 250, మరమ్మతు 400 రూపాయలు అవుతాయనుకొంటే, పాట హద్దు ఎంత ఉండాలి?

4. పిన్ సంఖ్యను గూర్చిన సూత్రాన్ని ఇంటిలోని పెద్దలకు తెలుగులో రెండు వాక్యాలలో వివరించండి. వారు అడిగిన ప్రశ్నలను తరగతిలో చర్చించండి.